ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుండగా, తెలిసిన పెద్దాయన ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచారు. రాయలసీమలోని ఒక పట్టణం అది. ఊరు, పేర్లు ఇక్కడ అవసరం లేదు. ఆయన కూతురు పుట్టింటికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. అల్లుడు కువైట్‌లో డ్రైవరు. పెళ్లయి నాలుగేళ్లు, రెండున్నరేళ్ల బాబు. ఆ పిల్లవాడు తాతగారి లుంగీ అంచు పట్టుకొని మా వైపే చూస్తున్నాడు.

"ఇల్లు నిలబడటానికి ఏదైనా దుఆ ఉంటే రాసివ్వండి సాబ్. అమ్మాయి రోజూ చదువుకుంటుంది" అన్నారాయన.

దుఆ చెప్పాము. భార్యాభర్తలు, బిడ్డలు ఒకరికొకరు కంటికి చలువ కావాలని వేడుకునే దుఆ ఫుర్ఖాన్ సూరాలో ఉంది. అది చెప్పిన తరువాత ఒక ప్రశ్న అడిగాము. ఈ ఏడు నెలల్లో రెండు కుటుంబాల వారు ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చున్నారా అని.

"ఎలా కూర్చుంటాం సాబ్? మేము ఆడపిల్ల వాళ్లం. వాళ్లు కబురు పెట్టకుండా మేమే పోతే లోకువైపోమా?"

అటువైపు ఇంట్లో నడుస్తున్న మాట ఏమిటో మాకు తరువాత తెలిసింది. చెప్పాపెట్టకుండా గడప దాటింది ఆమె కాబట్టి ఆమే తిరిగి రావాలట. ఇలా ఎదుటివారి కబురు కోసం రెండు ఇళ్లూ ఎదురు చూస్తూ ఉండిపోయాయి. ఈలోగా ఆ సంగతి తెలియని వారు ఆ రెండు వీధుల్లో ఒక్కరూ మిగల్లేదు. పాలు పోసే మనిషికి కూడా తెలుసు. అయితే ఆ అమ్మాయి గోడు గానీ, ఆ అబ్బాయి గోడు గానీ మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నవారు మాత్రం ఎవరూ లేరు.

పాఠకులలో చాలామందికి ఇటువంటి ఇల్లు కనీసం ఒకటి తెలిసే ఉంటుంది. కొందరికి అది తమ ఇల్లే కావచ్చు.

ముప్పై అయిదో ఆయత్

సంసారంలో చిక్కు వచ్చినప్పుడు మనవాళ్లు దుఆ కోసం వెళ్తారు, తావీజు కోసం వెళ్తారు, దర్గాకు వెళ్తారు, మరీ ముదిరితే వకీలు దగ్గరికి వెళ్తారు. దివ్య ఖుర్ఆన్ సూటిగా చూపించిన దారి ఒకటి ఉందని, అది మన ఇంటి వసారాలోనే మొదలవుతుందని చాలామందికి తట్టదు. అది నిసా సూరాలోని 35వ ఆయత్. భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందన్న భయం మీకు కలిగితే భర్త తరఫు కుటుంబం నుంచి ఒక మధ్యవర్తిని, భార్య తరఫు కుటుంబం నుంచి ఒక మధ్యవర్తిని పంపమని అల్లాహ్ ఇందులో ఆదేశిస్తున్నాడు. వారు సంస్కరణ కోరుకుంటే అల్లాహ్ ఆ దంపతుల మధ్య పొందిక కలిగిస్తాడని వాగ్దానం కూడా చేస్తున్నాడు.

ఈ ఆయత్‌లో కొన్ని మాటలు తీరిగ్గా ఆలోచించదగినవి. చీలిక వచ్చిన తరువాత అని అనలేదు, భయం కలిగితే అన్నాడు. అంటే పొగ కనిపించగానే లేవాలి. మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? మొదటి ఆరు నెలలు "సర్దుకుంటారులే" అంటాము. తరువాతి ఆరు నెలలు పంతంలో గడిచిపోతాయి. పెట్టె సర్దుకుని వచ్చేసిన తరువాత, ఫోన్లలో నానా మాటలు అనుకున్న తరువాత, పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కిన తరువాత అప్పుడు పెద్దమనుషుల కోసం వెతుకుతాము.

ఇక "మీకు" అన్నది ఎవరిని? దంపతులను కాదు. వారి చుట్టూ ఉన్నవారిని. బంధువులు, సమాజంలో బాధ్యత గలవారు, అధికారం చేతిలో ఉన్నవారు, అందరూ అందులోకి వస్తారని వ్యాఖ్యాతలు రాశారు. వాళ్లు పిలిస్తేనే వెళ్తాం అని కూర్చునే హక్కు మనకు లేదన్నమాట. పిలవని పేరంటానికి వెళ్లమని అల్లాహ్ ఆదేశించిన సందర్భం ఇది ఒకటి!

ఇద్దరే ఎందుకు? కుటుంబంలోని వారే ఎందుకు? కొడుకు స్వభావం మేనమామకు తెలుస్తుంది, కూతురు మనసు బాబాయికి తెలుస్తుంది. పరాయి మనిషి ముందు నోరు విప్పని సంగతులు ఇంటి మనిషి ముందు బయటపడతాయి. ఆ మాటలు అక్కడితో ఆగిపోతాయన్న ధైర్యమూ ఉంటుంది. ఒక్కరినే పంపితే ఎదుటి పక్షానికి అనుమానం. పదిమందిని పంపితే అది తిరునాళ్ల అవుతుంది.

వారు సంస్కరణ కోరుకుంటే అన్న చోట "వారు" అంటే ఎవరని వ్యాఖ్యాతల మధ్య చర్చ జరిగింది. మధ్యవర్తులని కొందరు, దంపతులని మరికొందరు అన్నారు. ఏ అర్థం తీసుకున్నా మన పని తేలిక కాదు. మొదటి అర్థమే తీసుకుంటే, ఇల్లు నిలబడలేదంటే ముందుగా పెద్దమనుషులు తమ మనసును తడిమి చూసుకోవాలి. మేము నిజంగా కలపడానికే వెళ్లామా, మా పరువు గెలిపించుకోవడానికి వెళ్లామా అని.

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. దీని ముందున్న 34వ ఆయత్‌ను, భర్త పెత్తనానికి పట్టాగా, నోటికి వల్లించే మగవారు మనలో ఎందరో ఉన్నారు. దాని వెంటనే ఉన్న 35వ ఆయత్ సంగతి ఎత్తితే అటువంటిది ఉన్నట్టే తెలియనట్టు చూస్తారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తన జీవితంలో ఏ స్త్రీ మీదా, ఏ సేవకుడి మీదా చేయి ఎత్తలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన హదీసు వారికి గుర్తుండదు.

ప్రవక్త గడపలో

కలతలు లేని ఇల్లు ఎక్కడా లేదు. ప్రవక్త (స) ఇంట్లోనూ మనస్తాపాలు వచ్చాయి. ఒకసారి ఆయన సతీమణుల నుంచి దూరంగా ఒక మేడగదిలో ఇరవై తొమ్మిది రోజులు గడిపారు. ఆయన గారాల బిడ్డ ఫాతిమా (రజి) ఇంట్లోనూ ఒక మధ్యాహ్నం అలాగే జరిగింది.

ఆ రోజు ప్రవక్త (స) కూతురి ఇంటికి వెళ్లారు. అల్లుడు అలీ (రజి) ఇంట్లో లేరు. ఎక్కడని అడిగారు. మా మధ్య చిన్న మాట వచ్చింది, కోపగించుకొని వెళ్లిపోయారు, ఇక్కడ కునుకు కూడా తీయలేదు అని ఫాతిమా (రజి) చెప్పారు. ఎక్కడున్నారో చూసి రమ్మని ప్రవక్త (స) ఒకరిని పంపారు. మసీదులో నిద్రపోతున్నారని తెలిసింది. ప్రవక్త (స) స్వయంగా అక్కడికి వెళ్లారు. ఒంటి మీది వస్త్రం జారి, పక్కంతా దుమ్ము అంటుకొని ఉంది అల్లుడికి. మామగారు తన చేత్తో ఆ దుమ్ము దులుపుతూ "లే, అబూ తురాబ్" అని పిలిచారు. అబూ తురాబ్ అంటే మట్టి మనిషి అని అర్థం. తరువాతి కాలంలో ఆ పేరు అలీ (రజి)కి మహా ఇష్టమైపోయింది.

ఈ ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఇందులో ఉన్నదానికన్నా లేనిదే మమ్మల్ని ఎక్కువ ఆకట్టుకుంటుంది. గొడవ దేని గురించి అని ప్రవక్త (స) అడిగినట్టు ఇందులో ఎక్కడా లేదు. తప్పెవరిది అని విచారించినట్టు లేదు. నా కూతురిని ఏమన్నావు అని నిలదీసినట్టు లేదు. కూతురింట కూర్చుని అల్లుడి మీద చాడీలు వినడానికి ఆయనకు ఎంత అవకాశం ఉంది! చేసిందల్లా ఒళ్లు దులపడం, ఒక చిలిపి పేరు పెట్టడం. కొన్ని తగవులకు అంతకు మించి మందు అక్కరలేదు. ఆ తగవు అటువంటిదని పోల్చుకునే చూపు పెద్దలకు ఉండాలి.

అయితే అన్నీ అటువంటివి కావు. కొన్ని ఇళ్లలో ఇల్లాలు నోరు విప్పదు, ముఖం చెబుతుంది. మదీనాలో సల్మాన్ ఫార్సీ (రజి)కి, అబూదర్దా (రజి)కి మధ్య ప్రవక్త (స) సోదర బంధం కలిపారు. సల్మాన్ ఒకనాడు ఆ సోదరుడి ఇంటికి వెళ్లి చూస్తే ఇల్లాలు ఉమ్మె దర్దా మాసిన బట్టల్లో, అలంకరణ లేకుండా ఉన్నారు. ఎందుకిలా అని అడిగితే మీ సోదరుడికి లోకం మీద ధ్యాస లేదని ఆమె క్లుప్తంగా జవాబు చెప్పారు. అంతలో అబూదర్దా వచ్చి భోజనం పెట్టించి, మీరు తినండి, నేను రోజా ఉన్నానన్నారు. మీరు తినందే నేనూ తినను అన్నారు సల్మాన్. తినక తప్పలేదు. రాత్రి నమాజు కోసం లేవబోతే పడుకోమన్నారు. మళ్లీ లేవబోతే మళ్లీ ఆపారు. రాత్రి చివరి జాములో లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. అప్పుడు చెప్పారు, ప్రభువుకు నీ మీద హక్కు ఉంది, నీ దేహానికీ ఉంది, నీ ఇంటివారికీ ఉంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని. ఈ మాట ప్రవక్త (స) దాకా వెళ్తే సల్మాన్ నిజం పలికాడన్నారు.

ఇల్లాలి హక్కును ఎగ్గొడుతున్నది జూదగాడో తాగుబోతో కాదు, రాత్రంతా నమాజు చేసే మనిషి. అయినా సల్మాన్ మొహమాట పడలేదు. జమాత్ పనులంటూ నెలలో సగం రోజులు ఇంటి ముఖం చూడని సోదరులు ఈ హదీసు మరోసారి చదువుకుంటే బాగుంటుంది.

తలుపులు వేసుకున్న దంపతులు

మూడో ఖలీఫా ఉస్మాన్ (రజి) కాలం నాటి ఒక సంఘటనను ఈ 35వ ఆయత్ వ్యాఖ్యానంలో పెద్దలు ఉటంకించారు. అలీ (రజి)కి అన్నగారైన అఖీల్, ఉత్బా కుమార్తె ఫాతిమాను పెళ్లాడారు. ఆమె ధనవంతురాలు. ఆమె తండ్రి ఉత్బా, పినతండ్రి షైబా ఇద్దరూ బద్ర్ యుద్ధంలో ముస్లిములకు ఎదురు నిలిచి చనిపోయినవారు. భర్త ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా ఆమె మా నాన్న ఏడీ, మా బాబాయి ఏడీ అంటూ పుట్టింటి గొప్ప ఎత్తేవారు. అఖీల్ విని ఊరుకునేవారు. ఒకరోజు అలసిపోయి ఇంటికి వస్తే మళ్లీ అదే పాట. నువ్వు నరకంలోకి వెళ్లగానే నీ ఎడమవైపు కనిపిస్తారులే అనేశారు. ఆమె బట్టలు సర్దుకుని నేరుగా ఖలీఫా దగ్గరికి వెళ్లారు.

ఉస్మాన్ (రజి)కి నవ్వు వచ్చింది. అయినా ఆ ఫిర్యాదును తేలిగ్గా తీసిపారేయలేదు. ఖుర్ఆన్ చెప్పినట్టే ఇద్దరిని పంపారు. అఖీల్ తరఫున ఆయన పినతండ్రి కుమారుడు ఇబ్నె అబ్బాస్ (రజి), ఆమె తరఫున ఆమె సోదరి కుమారుడు ముఆవియా (రజి). దారిలో ఇద్దరికీ అభిప్రాయ భేదం. వీరిని విడదీయడమే మంచిదని ఒకరు, అంతటి వంశంలోని ఇద్దరు పెద్దలను నేను విడదీయనని మరొకరు. తీరా ఇల్లు చేరితే తలుపులు వేసి ఉన్నాయి. మధ్యవర్తులు వచ్చేలోపే దంపతులు రాజీపడిపోయారు. వచ్చిన దారినే వీరు తిరిగి వెళ్లారు.

మధ్యవర్తులు బయలుదేరారన్న కబురు కూడా ఒక్కొక్కసారి పని చేస్తుంది. మన తగవు గురించి ఎవరో పట్టించుకుంటున్నారు, రేపు వారి ముందు మాట్లాడవలసి వస్తుంది అన్న ఆలోచనే కోపాన్ని కొంత దించుతుంది.

అలీ (రజి) ఖలీఫాగా ఉన్నప్పటి సంఘటన ఇంతకన్నా గంభీరమైనది. భార్యాభర్తలు చెరొక గుంపును వెంటబెట్టుకొని ఆయన ముందుకు వచ్చారు. ఆ గుంపులను పక్కన పెట్టి, ఇటొకరిని అటొకరిని మధ్యవర్తులుగా నిలబెట్టమన్నారు. వారికి బాధ్యత చెప్పారు, కలపడం మంచిదనిపిస్తే కలపండి, విడదీయడం మంచిదనిపిస్తే విడదీయండని. దైవగ్రంథం ప్రకారం నాకు అనుకూలమైనా ప్రతికూలమైనా అంగీకరిస్తానని ఆమె అన్నది. విడదీయడానికి మాత్రం నేను ఒప్పుకోను అన్నాడు భర్త. ఆమె ఒప్పుకున్నట్టు నువ్వూ ఒప్పుకునేదాకా ఇక్కడి నుంచి కదలనివ్వనని అలీ (రజి) గట్టిగా చెప్పారు.

ఇంత పెద్ద గుంపుతో వచ్చిన దంపతులకు అలీ (రజి) చేసిన మొదటి పని గుంపును తగ్గించడం. మన పంచాయితీలు ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు. రెండు ఆటోల నిండా మనుషులు వస్తారు. పెళ్లిలో బిర్యానీ చాలలేదన్న దగ్గర మొదలుపెడతారు. జోడే కీ రఖం ఎంత ఇచ్చారు, ఎంత ఎగ్గొట్టారు, బండి కొనిస్తామని ఎందుకు కొనివ్వలేదు అన్న లెక్కలు విప్పుతారు. మహర్ మాట అడిగేవారు ఒక్కరుండరు. అడగకూడని ఈ కట్నం లెక్కలు పెద్దలు పద్దులు వేస్తుంటే, అడగవలసిన మహర్ సియాహానామాలో ఒక అంకెగా పడి ఉంటుంది. అసలు మాట్లాడవలసిన ఇద్దరిలో ఒకరు లోపలి గదిలో, ఒకరు వీధి అరుగు మీద. రాత్రి పదింటికి రొట్టెలు తిని అందరూ లేచి వెళ్తారు.

మధ్యవర్తి అక్కడ విన్న మాటను ఇక్కడ ఎలా చెప్పాలి? ప్రజల మధ్య సయోధ్య కోసం మంచి మాట చేరవేసేవాడు అబద్ధాలకోరు కాడని ప్రవక్త (స) చెప్పారు. "ఆ ముఖం చూడను" అని ఒకరంటే, "ఆమెకు చాలా నొప్పి తగిలింది" అని అందించవచ్చు. నొప్పి అబద్ధం కాదుగా.

ఆజ్ఞ కాదు, సిఫారసు

కలపాలన్న ఉత్సాహంలో మనవాళ్లు దాటే గీత ఒకటుంది. బరీరా (రజి) అనే స్త్రీకి బానిసత్వం నుంచి విముక్తి లభించింది. భర్త ముగీస్ ఇంకా బానిసే. ఆ స్థితిలో భర్తతో ఉండాలా వద్దా అని తేల్చుకునే హక్కు ఆమెకు వచ్చింది. ఆమె వద్దనుకున్నది. ముగీస్ మదీనా వీధుల్లో ఆమె వెంట ఏడుస్తూ తిరిగేవారు, కన్నీరు గడ్డం మీద కారేది. ప్రవక్త (స)కు జాలి వేసింది. అతని దగ్గరికి తిరిగి వెళ్లకూడదా అని బరీరాను అడిగారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారాయన. అయితే నాకు అతని అవసరం లేదన్నది. అక్కడితో ప్రవక్త (స) ఊరుకున్నారు.

నిన్నటిదాకా బానిసగా ఉన్న స్త్రీ కాదంటే దైవప్రవక్త (స) అంగీకరించారు. మన మొహల్లా పెద్ద కాదంటే వినడు.

సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య వచ్చి, అతని ధర్మంలో గానీ నడతలో గానీ తప్పు పట్టడం లేదు, కానీ ఉండలేకపోతున్నాను అన్నప్పుడు కూడా అంతే. మహర్‌గా తీసుకున్న తోట తిరిగి ఇస్తావా అని అడిగారు. ఇస్తానన్నది. తోట తీసుకుని ఆమెకు తలాఖ్ ఇమ్మని సాబిత్‌కు చెప్పారు. ఖులాకు ఇదే ఆధారం. 2025లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరే హక్కు ముస్లిం స్త్రీకి పూర్తిగా ఉందని, దానికి భర్త ఒప్పుకోలు తప్పనిసరి కాదని తీర్పు చెప్పింది.

ఇల్లు నిలబెట్టాలన్న పేరుతో దెబ్బలు తినే అమ్మాయిని మళ్లీ అదే ఇంటికి పంపి చేతులు దులుపుకోవడం మధ్యవర్తిత్వం కాదు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి సలహా అడిగితే, అబూ జహమ్ భుజం మీది కర్ర దించే మనిషి కాదని ప్రవక్త (స) దాపరికం లేకుండా చెప్పి, వేరే సంబంధం సూచించారు. కొట్టే మనిషి గురించి పెళ్లికి ముందే హెచ్చరించారన్న మాట. పెళ్లయిన తరువాత ఆ కర్రను కప్పిపుచ్చడానికి మనకు ఏ ఆధారం దొరుకుతుంది? అటువంటి ఇంట్లో ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండాలి. ఆ తరువాతే మాటలు. 181 నంబరుకు ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది. 2005 నాటి గృహహింస చట్టం ముస్లిం స్త్రీకీ వర్తిస్తుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా వకీలును ఇచ్చే ఏర్పాటు న్యాయసేవా సంస్థలలో ఉంది. దీన్ని వాడుకోవడం ధర్మానికి విరుద్ధమని ఎవరైనా అంటే ఖౌలా (రజి) సంగతి అడగండి. కోపంలో భర్త తనను తల్లితో పోల్చి దూరం పెడితే ఆమె సరాసరి ప్రవక్త (స) దగ్గరికి వెళ్లి వాదించింది. ఆమె మొర విన్నానని అల్లాహ్ ఆయతులే అవతరింపజేశాడు. ముజాదలా సూరా అలా మొదలవుతుంది.

కోర్టుల మాట వచ్చింది కనుక ఇంకొకటి. షమీమ్ ఆరా కేసులో 2002లో సుప్రీంకోర్టు, తలాఖ్‌కు తగిన కారణం ఉండాలని, దానికి ముందు ఇరు కుటుంబాల నుంచి చెరొక మధ్యవర్తితో రాజీ ప్రయత్నం జరిగి ఉండాలని చెప్పింది. 2017లో ఒకేసారి చెప్పే మూడు తలాఖ్‌లను కొట్టేసింది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అలా చెప్పడం చెల్లదు, మూడేళ్ల దాకా జైలు కూడా. ఆ చట్టం మంచిచెడ్డల మీద మనలో వాదాలు చాలా ఉన్నాయి. కానీ కోపంలో మూడుసార్లు ఆ మాట అనేసిన ప్రతివాడూ 35వ ఆయత్‌ను దాటుకుని వెళ్లినవాడే. ఆ ఆయత్‌ను మన పెద్దలు వసారాలో అమలు చేసి ఉంటే ఎన్ని కేసులు కోర్టు గుమ్మం దాకా వెళ్లేవి కావో!

ఏడు నెలల తరువాత

ఆ పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. ఆయన ఇంటావిడ ఒప్పించింది. అటువైపు నుంచి అబ్బాయి మేనమామ వచ్చారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇటువైపు నుంచి అమ్మాయి చిన్నాన్న, టైలరు. ఇద్దరికీ మేము చెప్పింది ఒక్కటే, జోడే డబ్బు మాట ఎత్తవద్దని. మొదటిరోజు చిన్నాన్నతో పాటు అమ్మాయి మేనత్త లోపల కూర్చున్నది. మగవాళ్లకు చెప్పలేనివి ఆమెకు చెప్పుకున్నది ఆ పిల్ల. మేనమామగారు కువైట్‌కు ఫోన్ చేసి, అక్కడ డ్యూటీ దిగిన తరువాత రాత్రి పదకొండున్నర దాకా విన్నారట. "టికెట్లు కొట్టినన్నాళ్లూ అంత ఓపిగ్గా ఎవరి మాటా వినలేదు" అని ఆయనే నవ్వుతూ చెప్పారు.

రెండు వైపులా విని ఇద్దరూ కలిసి కూర్చున్నప్పుడు చిక్కు తేలింది. ఫోన్ చేస్తే భార్య ఎత్తడం లేదని అతని కోపం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అత్తగారి దగ్గర ఉంటుంది, ఆమె పక్కనుండగా ఏం మాట్లాడగలదని ఈమె బాధ. అతను నెలనెలా పంపే డబ్బు తమ్ముడి ఖాతాలో పడుతుంది. పిల్లవాడికి జ్వరమొస్తే మందుల కోసం ఈమె మరిదిని అడగాలి. ఒకసారి అడిగితే "లెక్క చెప్పు" అన్నాడట. ఆ సంగతి భర్తకు ఎవరూ చెప్పలేదు. భర్తకు చేరిన మాట "నీ పెళ్లానికి డబ్బు పిచ్చి" అని. దాని మీద అతను ఫోన్‌లో అనకూడని మాట అన్నాడు, ఈమె పెట్టె సర్దుకున్నది. ఏడు నెలలుగా ఒకరికొకరు శత్రువులనుకున్న ఇద్దరి మధ్య ఉన్నవి ఒక ఫోను, ఒక బ్యాంకు ఖాతా.

భార్యాబిడ్డల పోషణ భర్త బాధ్యత అని, అది ఆమె చేతికి గౌరవంగా అందాలని మేనమామగారే అటువైపు వాళ్లకు నచ్చజెప్పారు. అమ్మాయి పేర ఖాతా తెరిచారు. ఇంటి ఖర్చుకు తల్లికి వేరుగా పంపుతానన్నాడు అబ్బాయి. తల్లికి ఇవ్వవలసింది తగ్గకూడదని అమ్మాయే అన్నదట, ఇది మేనత్త చెప్పిన మాట. ఫోన్‌లో అన్నదానికి అతను క్షమాపణ అడిగాడు. చెప్పకుండా వెళ్లినందుకు ఆమె అత్తగారి దగ్గర క్షమాపణ అడిగింది. పైన ఉన్న రెండు గదులు వీరికి ఇచ్చి వేరు పొయ్యి పెట్టించే దగ్గర మాత్రం మాటలు మూడు వారాలు సాగాయి. ఆ మూడు వారాల్లో ఒకసారి టైలరుగారు విసిగిపోయి ఇక నా వల్ల కాదన్నారు. మేనమామగారే ఆయన దుకాణానికి వెళ్లి, చాయ్ తాగి, వెనక్కి తీసుకొచ్చారు.

రంజాన్‌కు ముందు అబ్బాయి నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. పిల్లవాడు మొదటి రెండు రోజులు తండ్రిని చూసి తాతగారి వెనక దాక్కున్నాడు. మూడో రోజు చేయి పట్టుకుని మసీదుకు వచ్చాడు.

వేరు పొయ్యి పెట్టించాడని అత్తగారికి మాత్రం తన తమ్ముడి మీద కోపం పోలేదు. ఆ మేనమామగారితో ఆవిడ ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదు. మొన్న బక్రీద్‌కు ఖుర్బానీ మాంసం మాత్రం ముందుగా ఆయన ఇంటికే పంపింది.